తెల్లమొహం ఆబోతులు, మా ఆదివారం కూర

న్యూజిలాండ్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ మా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఒకటే అడగడం, మంచుకొండలు ఎక్కావా, పడవెక్కావా అని. ఎక్కలేదు. నేను ఆబోతుల్ని చూసొచ్చాను. "ఒంగోలు పక్కన పుట్టినదానివి, ఆబోతుని చూడ్డానికి అంత దూరం పోవాలా?" అని మా వదిన మొహం మీదే నవ్వింది. నవ్వనీ. పోయింది నేను, చెప్పేదీ నేనే. ఐదో క్లాసుతో బడి మానేసినా చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు నా బుర్రలో ఉంటుంది. రాతలో అక్షరం తప్పుంటే మీరే సర్దుకోండి, సంగతి మాత్రం తప్పిపోదు.

మనురేవా

మా అమ్మాయి సునీత ఆక్లాండ్‌కి దక్షిణాన మనురేవాలో ఉంటుంది. ముసలివాళ్లని చూసుకునే హోమ్‌లో నర్సు. అల్లుడికి గోడౌన్‌లో పని. మనవరాలు గ్రేస్‌కి ఎనిమిదేళ్లు. మనం మాట్లాడింది అంతా అర్థమవుతుంది, నోరు తెరిస్తే ఇంగ్లీషే. వాళ్లుండే ఫ్లాటు గోడలు చెమ్మతో నల్లబడిపోయాయి. చలికాలం వచ్చిందంటే పిల్లకి దగ్గే దగ్గు.

అదే వీధిలో కార్తీక్, శ్రావణి అని ఒక జంట. గుంటూరు వైపు వాళ్లు. చదువుకోడానికొచ్చి, ఆక్లాండ్ సిటీలో ఉద్యోగాలు సంపాదించి, ఇల్లు కొనుక్కున్నారు. వాళ్ల పెరట్లో ఇంకో చిన్నిల్లుంది. ఎండ ధారాళంగా పడుతుంది, గోడలు పొడిగా ఉంటాయి. అది మావాళ్లకి అద్దెకిస్తామన్నారు. శ్రావణి ఒక్క మాట మాత్రం పెట్టింది: "అక్కా, చికెనో లాంబో మీ ఇష్టం, బీఫ్ మాత్రం మా కాంపౌండ్‌లో వద్దు. మా అత్తయ్యగారు వచ్చి ఉంటుంటారు కదా."

"అయ్యో, మేం తినం శ్రావణీ. మాది లాంబే" అనేసింది మా అమ్మాయి.

నేను పక్కనే ఉన్నాను. ఇంటికి రాగానే పట్టుకున్నా. "ఏందే ఆ మాట? ఆదివారం చర్చి నుంచి రాగానే నువ్వు కంచంలో పెట్టుకునేది ఏందో నీకు తెలవదా?"

"అమ్మా, పిల్ల దగ్గు వింటున్నావుగా. నాకు ఆ ఇల్లు కావాలి. ఒక్క మాటతో పోయేదానికి నువ్వు నోరు పెట్టుకోకు."

పిల్లకీ నేర్పింది. డబ్బాలో ఏముందని తెలుగువాళ్లెవరైనా అడిగితే "లాంబ్ ఆంటీ" అని చెప్పాలి. సండేస్కూల్లో వాక్యం అప్పజెప్పినంత గబగబా చెప్పేది గ్రేస్. సునీత మీద కోపం కంటే ఆ గబగబా చెప్పడం చూసి నాకు ఎక్కువ మండింది.

ఇక ప్రయాణం సంగతి. సునీత చూసుకునే హోమ్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన కూతురు హెలెన్‌కి హాక్స్ బే కొండల్లో పశువుల దొడ్డి ఉంది. అమ్మకానికి ముందు ఆబోతుల్ని అందరికీ చూపించే రోజు పెడతారట, మీ అమ్మగారిని తీసుకురా అని పిలిచింది. కార్తీక్ వాళ్లు అదే వారం వెల్లింగ్టన్‌లో ఉన్న వాళ్ల తమ్ముడి దగ్గరికి కారులో పోతున్నారు. దోవలోనే, రండి అన్నారు. అల్లుడికి డ్యూటీ. మేం ముగ్గురం, వాళ్లిద్దరు బయల్దేరాం.

టీరావు

ఆక్లాండ్ దాటగానే పచ్చిక, పచ్చిక, పచ్చిక. నలుపూ తెలుపూ పాలావులు. కాపలా మనిషి ఒక్కడు కనపడడు, కంచె తీగే వాటికి కాపరి. మన దగ్గర ఆవు రోడ్డెక్కితే బస్సు ఆగుతుంది. అక్కడ ఆవు రోడ్డు మొహమే ఎరగదు.

టీరావు అనే చిన్న ఊళ్లో ఆగాం. రేకులు వంచి కుక్క ఆకారంలో ఒక పెద్ద ఇల్లు కట్టారు, దాని పక్కనే గొర్రె ఆకారంలో ఇంకోటి. గ్రేస్ ఫొటోలు దిగింది. అక్కడ 'పై' అని అమ్ముతారు, మన కర్రీపఫ్‌కి అన్నగారిలా ఉంటుంది, లోపల వేడివేడి కైమా. ఏడు డాలర్లు. "రూపాయల్లోకి మార్చకమ్మా, ఆకలి చచ్చిపోద్ది" అని సునీత ముందే నా నోరు కట్టేసింది.

కార్తీక్ ఒకటి కొనుక్కుని కారుకి దూరంగా, చెత్తడబ్బా పక్కన నిలబడి తింటున్నాడు.

"ఏం పై బాబూ?"

"చి... చికెన్ ఆంటీ."

ఆ వాసన తెలవని ముక్కా నాది! అతని మాట అతనిది అనుకుని ఊరుకున్నా.

టౌపో

ఇక్కడ సముద్రమంత చెరువు, నేలలోంచి పొగలు కక్కే వేణ్ణీళ్లు. రాత్రికి అక్కడే పడుకున్నాం. తెల్లారి కొండదోవ మొదలైంది. ఒకటే మెలికలు. గ్రేస్ శ్రావణి ఒళ్లోనే వాంతి చేసుకుంది. ఆ అమ్మాయి విసుక్కోలేదు. తన మెళ్లో శాలువా తీసి పిల్ల మూతి తుడిచింది, నీళ్లు తాగించింది, "పర్లేదు బంగారం" అని వీపు నిమిరింది. తర్వాత జరిగింది చెప్పబోయే ముందు ఇది కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది.

హెలెన్ దొడ్డి

కార్తీక్, శ్రావణి మమ్మల్ని దొడ్డి గేటు దగ్గర దించి నేపియర్ ఊరు చూడ్డానికి పోయారు. ఆబోతుల మీద వాళ్లకి మోజు లేదు.

హెలెన్‌కి అరవై దాటి ఉంటాయి. మొగవాడి నడక, చిన్నపిల్ల నవ్వు. నా చెప్పులు చూసి "నో నో నో" అంటూ మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు తెచ్చిచ్చింది. ఒక్క బూటులో నా కాళ్లు రెండూ పడతాయి. బురదలో జారి, ఆసరాకని కంచె తీగ పట్టుకున్నా. జివ్వున కరెంటు కొట్టింది! "యేసయ్యా!" అని అరిచాను. ఆబోతులన్నీ ఒక్కసారి తలలెత్తి నా వంక చూశాయి. ఆ దేశంలో నన్ను అంత మర్యాదగా చూసినవాళ్లు మళ్లీ కనపడలేదు.

ఇక నేనూ వాటిని చూశా. ఎర్రటి ఒళ్లు, మొహం మాత్రం తెల్లగా, పిండి డబ్బాలో మూతి పెట్టి తీసినట్టు. హియర్‌ఫోర్డ్ జాతి అంట. మూపురం లేదు. గంగడోలు లేనట్టే. కాళ్లు పొట్టి. వీపు మాత్రం బల్లపరుపు, పరుపేసుకుని పడుకోవచ్చు.

"ఈ గిత్త బండ లాగుద్దా అని అడగవే" అన్నా సునీతతో.

"అమ్మా, ఇక్కడ అట్టాంటివి అడగరు."

"నువ్వడుగు."

అడిగింది. హెలెన్ పొట్ట పట్టుకుని నవ్వింది. తను చెప్పినవన్నీ సునీత నాకు తెలుగులో చెప్పుకొచ్చింది. ఇది ఏమీ లాగదు, గడ్డిని కండ చెయ్యడమే దీని పని అంది. కానీ దీని ముత్తాతలు ఇంగ్లండులో నాగలి లాగినవేనట. లాగి లాగి ముసలివయ్యాక మేపి కోసుకునేవాళ్లు. పట్నాలు పెరిగి మాంసానికి గిరాకీ వచ్చాక, తొందరగా కండ పట్టేవాటినే ఏరి ఏరి దాటించుకుంటూ వచ్చారు. కాలు తగ్గింది, తుంటి పెరిగింది.

ఈ దేశంలో ఒకప్పుడు నాలుగు కాళ్ల గొడ్డన్నదే లేదట. మొదటి ఆవులు మిషనరీలతో పాటు ఓడల్లో దిగాయంది. నాకు నవ్వొచ్చింది. మా పేటకి బైబిలూ పలకా ఇచ్చినవాళ్లు ఇక్కడికి ఆవుల్ని తోలుకొచ్చారన్నమాట! తర్వాత వచ్చిన తెల్లవాళ్లు ఈ కొండల మీద అడివిని కాల్చి గడ్డి చల్లి గొర్రెల్ని వదిలారు. గొర్రె ఏరుకుని తింటుంది, అది వదిలేసిన చోట ముళ్లూ తుప్పలూ మళ్లీ లేచాయి. వాటిని తొక్కించడానికి పశువుల్ని తోలారు. అప్పుడు మాంసం కొనేవాడు ఎక్కడ? తోలూ కొవ్వూ మాత్రం అమ్ముకునేవాళ్లు. మంచు గదులున్న ఓడలు వచ్చాకే ఇక్కడి మాంసం ఇంగ్లండు దాకా పోయింది.

"కాల్చిన అడివి ఎవరిదో అడుగు" అన్నా.

సునీత నసిగింది గానీ అడిగింది. హెలెన్ మొహం తిప్పుకోలేదు. "మావోరీలది, ముందునుంచీ ఇక్కడున్నవాళ్లది. కొంత కొన్నారు, కొంత కొన్నామన్నారు. మా ముత్తాత చేసింది ఏదో మా ఇంట్లో ఎవరూ సరిగ్గా చెప్పరు."

తనవాళ్ల తప్పుని కూడా దాని పేరుతోనే పిలిచింది. ఆ మాటకే ఆమె నాకు నచ్చింది.

వాళ్ల నాన్న కుర్రతనంలో పొట్టిగా, బొద్దుగా ఉన్నవే గొప్పవట. ఆబోతు వీపు మనిషి బెల్టు ఎత్తుకి రావాలి, అంతే. మరీ పొట్టివైపోయాక విసుగొచ్చి ఎత్తుగా ఉండే ఫ్రాన్సు ఆబోతుల్ని తెచ్చారు. దూడలు కడుపులోనే పెద్దవైపోయి ఆవులు ఈనలేక అల్లాడేవి, పది మంది పట్టి లాగాల్సి వచ్చేది. ఇప్పుడు మళ్లీ మధ్యరకం కావాలంటున్నారు. "ఆబోతులో ఏ తప్పూ లేదు. మా బుద్ధి మారినప్పుడల్లా దాని ఒళ్లు మార్చాం" అంది. మా చిన్నప్పుడు పొట్టిచేతుల జాకెట్లు, తర్వాత మోచేతుల జాకెట్లు వచ్చినట్టే ఉంది ఈ యవ్వారం అనుకున్నా. జాకెట్టుకి ప్రాణం లేదు, అదే తేడా.

ఏ రంగు ఆవుకి కట్టించినా దీని దూడకి మొహం తెల్లగానే వస్తుందట. అందుకే పాలవాళ్లు ఈ ఆబోతుని తీసుకుపోతారు. దూడ మొహం చూడగానే ఇది మాంసానికి పెంచేదని తెలిసిపోతుంది.

నాది ఒంగోలు పక్క అని చెప్పేసరికి హెలెన్ ఆగిపోయింది. చేత్తో గాల్లో మూపురం గీసింది. బ్రెజిల్‌లో మీ నెల్లూరు పేరు పెట్టుకుని మందలకి మందలు ఉన్నాయంది. చిన్నతనంలో తను ఆస్ట్రేలియా ఉత్తరాన పని చేసినప్పుడు మూపురం ఉన్న బ్రాహ్మన్ జాతిని మేపిందట, వాటి రక్తంలోనూ మీ ఒంగోలుది ఉంది అంది. ఇక్కడి చలికి అవి ఆగవు గానీ, ఎండ దేశాల్లో వాటిని మించింది లేదట. "అవి మీవేనా?"

"మావే" అన్నా.

అన్నాక నాకే తట్టింది. మావా? మా నాన్న ఆసామి కొట్టంలో గిత్తల్ని సాకేవాడు. ఉలవలు ఉడకబెట్టి పెట్టేవాడు, చెరువులో తోమేవాడు, వాటి కాళ్ల దగ్గరే పడుకునేవాడు. బండలాగుడు పోటీలో గెలిస్తే దండ ఆసామి మెడలో. గిత్త చస్తే మాత్రం కబురు మా పేటకే వచ్చేది. మేపింది మేం, కడిగింది మేం, చచ్చాక మోసింది మేం, దాని తోలుతో ఊరందరికీ చెప్పులు కుట్టింది మేం. ఆకలికి కోసుకుని తిన్నందుకు దూరంగా నిలబడమన్నది మమ్మల్నే. బ్రెజిల్ వాళ్లు తింటే వ్యాపారం, ఇంగ్లండు వాళ్లు తింటే విందు, మేం తింటే పాపం! అందుకే అన్న మాట వెనక్కి తీసుకోలేదు. మావే.

బయల్దేరేటప్పుడు హెలెన్ కాగితంలో చుట్టిన పిక్కమాంసం చేతిలో పెట్టింది. సునీత దాన్ని సంచీ అడుక్కి తోసి నా చెవిలో "అమ్మా, లాంబ్" అంది. హెలెన్ గొర్రెల్ని కూడా పెంచుతుంది కాబట్టి ఎవరూ అనుమానించరట.

శనివారం పొయ్యి

ఆ రాత్రికి ఐదుగురం కలిసి దగ్గర్లోనే ఒక ఇల్లు అద్దెకి తీసుకున్నాం. రెండు గదులు, ఒకటే వంటిల్లు. శ్రావణి శనివారం నీచు ముట్టదు. తన గిన్నెలో తను పులిహోర కలుపుకుంది. "వాళ్లు ఎటూ తినరు, వండెయ్ అమ్మా" అంది సునీత.

వండాను. పిక్కమాంసం తొందరపడితే లొంగదు. అల్లం వెల్లుల్లి దంచి, ఉప్పూ పసుపూ వేసి, సన్నసెగ మీద మెత్తబడేదాకా ఉడకనిచ్చి, మనురేవాలో కొని వెంట తెచ్చుకున్న గోంగూర చివర్లో వేశాను. ఇల్లంతా ఘుమఘుమ.

"ఏం మాంసం ఆంటీ?" అంది శ్రావణి తొంగిచూసి.

నేను నోరు తెరిచేలోపు గ్రేస్ అందుకుంది. "లాంబ్ ఆంటీ." అని, సరిగ్గా చెప్పానా అన్నట్టు వాళ్లమ్మ మొహంలోకి చూసింది. సునీత తలూపింది.

నేను గరిటె పెట్టేసి బయట కూర్చున్నా. మా నాన్న వెలి చూశాడు, మాట పడ్డాడు. కానీ ఏం తిన్నావురా అంటే తిన్నదే చెప్పాడు. మూడు సముద్రాలు దాటి వచ్చిన పిల్లకి ఈ దొంగచూపేంది?

ఆదివారం మధ్యాహ్నం

పొద్దున మేం ముగ్గురం పాట పాడుకుని ప్రార్థన చేసుకున్నాం. వెల్లింగ్టన్ బయల్దేరే ముందు తినేసి పోదామని కూర వెచ్చబెట్టాను. గోంగూర కూర తెల్లారితే ఇంకా రుచి. శ్రావణి తలస్నానం చేసి పళ్లెంలో అన్నం పెట్టుకుని వచ్చేసింది.

"ఇవాళ నాకు అడ్డం లేదాంటీ. రెండు ముక్కలు వెయ్యండి. నిన్నంతా వాసనతో చంపేశారు."

సునీత గిన్నె మీద మూత పెట్టబోయింది. "కారం ఎక్కువైంది శ్రావణీ, నీకు పడదు."

"గుంటూరు పిల్లకి కారం పడదా అక్కా!" అని నవ్వుతూ గరిటె లాక్కుని తనే వడ్డించుకుంది. కలిపింది. ముద్ద నోటిదాకా పోయింది.

సునీత నా వంక చూసింది. ఊరుకో అని ఆ చూపు. ఊరుకుంటే ఇల్లొస్తుంది, పిల్లకి పొడి గోడలొస్తాయి. నాకు తెలుసు.

శ్రావణి మణికట్టు పట్టుకున్నా. "ఆగు తల్లీ. అది పెద్దకూర."

"అంటే?"

"గొడ్డు మాంసం. బీఫ్. మా అమ్మమ్మ తిన్నది, మా అమ్మ తిన్నది, మేమూ తినేది అదే. లాంబ్ అని నీకు చెప్పింది అబద్ధం."

ముద్ద పళ్లెంలో పడింది. ఆ అమ్మాయి లేచిపోయి చాలాసేపు చెయ్యి కడుక్కుంది.

"అమ్మా!" అంది సునీత ఏడుపు గొంతుతో.

"తినని మనిషి చేత తినిపించడం మన ఇంటా వంటా లేదే" అన్నా.

శ్రావణి వచ్చి నిలబడింది. "మీరు చెప్పారు, థాంక్స్ ఆంటీ. కానీ అక్క ఇన్నాళ్లూ నాతో అబద్ధం ఆడింది కదా?"

"ఆడింది. తప్పే. ఆ అబద్ధం ఆడితే తప్ప ఇల్లివ్వనన్నది ఎవరమ్మా?"

"నా ఇల్లాంటీ. నా ఇంట్లో ఏం వండాలో నేను చెప్పకూడదా?"

"నీ వంటింట్లో చెప్పు. అద్దె పుచ్చుకున్నాక ఆ పొయ్యి మాది."

గొడవ విని కార్తీక్ వచ్చాడు. "వదిలెయ్ శ్రావణీ, ఈ రోజుల్లో ఇవేంటి..."

"మీరు మాట్లాడకండి! మీరు తినే పైల సంగతి నాకు తెలీదనుకున్నారా?" అని నా వైపు తిరిగింది. "ఈయన తింటారని నాకు తెలుసాంటీ. బయట తిని నోరు కడుక్కుని రమ్మంటాను. ఇంట్లోకి మాత్రం రానివ్వను."

"నోరు కడుక్కుని వస్తే ఆయన్ని నీ మంచం మీద పడుకోనిస్తున్నావు. మేం నోరు కడుక్కోమా తల్లీ? నీ పెరట్లో పడుకోకూడదా?"

కార్తీక్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. శ్రావణి మొహం ఎర్రబడింది. కోపమో సిగ్గో నేను చెప్పలేను.

గ్రేస్ నా కొంగు లాగింది. "అమ్మమ్మా, సో ఇట్స్ నాట్ లాంబ్?"

"కాదు."

"కెన్ ఐ సే బీఫ్?"

"గట్టిగా చెప్పు."

వెల్లింగ్టన్

మళ్లీ అందరం అదే కారెక్కాం. ఆఖరి కొండ దిగుతుంటే గాలి కారుని పట్టుకుని ఊపింది. వెల్లింగ్టన్‌లో ఆ గాలికి చీర నిలవదు, నా కొంగు వెనకాల వచ్చే పెద్దమనిషి మొహానికి చుట్టుకుంటే ఆయనే నాకు సారీ చెప్పాడు. ఇంకో రోజైతే సునీతా నేనూ పడీపడీ నవ్వేవాళ్లం.

ఓడరేవు పక్కన నడుస్తుంటే అప్పుడంది సునీత. "నీకేం అమ్మా. నువ్వు మాటని నిలబెట్టుకుని ఊరికి పోతావు. రాత్రిళ్లు పిల్ల దగ్గు వినేది నేను."

 ఉన్న మాటే చెప్పాను. "దగ్గుకి మందుందే. ఆ పిల్ల నీ మొహం చూసి చూసి మాట్లాడ్డం నేర్చింది చూడు, దానికి మందు నాకు తెలవదు."

అది చెయ్యి విడిపించుకుని ముందుకి నడిచింది. కార్తీక్ వెనక్కి తీసుకెళతానన్నాడు, మనిషి మంచివాడే. సునీత వద్దంది. పగలంతా బస్సులో కూర్చుని ఆక్లాండ్ చేరాం. దారి పొడుగునా గడ్డి, గడ్డి మీద పశువులు. అక్కడక్కడా తెల్లమొహాలు. గ్రేస్ వాటికి చెయ్యి ఊపింది. సునీత కళ్లు మూసుకునే ఉంది, నిద్రపోలేదు.

మళ్లీ మనురేవా

అనుకున్నట్టే శ్రావణి దగ్గర్నుంచి ఫోన్లో మెసేజ్ వచ్చింది. బంధువులొస్తున్నారు, ఇల్లు ఇప్పుడు కుదరదు అని. సునీత అది చదివి నాకు చూపించి డ్యూటీకి పోయింది. తర్వాత కొన్నాళ్లు నాతో అన్నం పెట్టుకో, మందేసుకో, అంతవరకే మాటలు. నేను గోడలు తుడిచాను, పిల్ల ఛాతీకి తైలం రాశాను. తప్పు చేశానని మాత్రం అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను.

నేను వచ్చేసే ముందు వారం, వాళ్ల చర్చి ఆవిడ ఒకామె ఇంకో ఇంటి సంగతి చెప్పింది. వాళ్లూ తెలుగువాళ్లే. సునీత ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. ఎన్ని గదులు, ఎంత మంది, ఎక్కడ పని, అన్నీ అయ్యాయి. అవతల పెద్దాయన గొంతు సవరించుకుని మెల్లగా అడిగాడు.

"ఇంకోటమ్మా, ఏమనుకోకు. వంట... మీరు ఏం వండుకుంటారు?"

గ్రేస్ హోంవర్కు ఆపి వాళ్లమ్మ మొహంలోకి చూసింది. నేను నోరు మూసుకున్నా. అది నేను చెప్పాల్సిన మాట కాదు.

"బీఫ్ వండుకుంటామండీ" అంది నా కూతురు. "ఆదివారం ఆదివారం. కిటికీలు తెరిచే వండుకుంటాం."

 సునీత ఫోన్ పెట్టెయ్యలేదు. ఆయన ఏదో ఒకటి తేల్చి చెప్పేదాకా అట్లాగే చేత్తో పట్టుకుని, తల ఎత్తి నిలబడింది.